బయోమాస్ పైరాలిసిస్ మోడల్ కట్టడం ఎలా: వేడి లెక్క, రసాయన చర్య లెక్క రెండూ కలిపి, వరుసగా

"కోడ్ రన్ అవుతోంది కానీ బొగ్గు శాతం ప్రయోగంతో కలవడం లేదు." "ఉష్ణోగ్రత బాగానే వస్తోంది, బరువు తగ్గే కర్వ్ మాత్రం తొంభై డిగ్రీలు పక్కకి జరిగిపోయింది." పైరాలిసిస్ (ఆక్సిజన్ లేకుండా వేడితో కట్టెలాంటి బయోమాస్‌ని బొగ్గు, తారు, గ్యాస్‌గా విడగొట్టడం) మోడల్ కడుతున్నవాళ్ల నుంచి ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉన్నాయి. పంపిన ఫైళ్లు తెరిచి చూస్తే చాలాసార్లు సమీకరణాలు సరిగ్గానే ఉంటాయి. కాగితం మీద పది నిమిషాల్లో అయ్యే లెక్క ఒకటి వదిలేసి నేరుగా పెద్ద మోడల్‌లోకి దూకేసి ఉంటారు, అంతే. ఆ లెక్క కింద 3వ మెట్టులో ఉంది, అది దాటేసి మాత్రం ముందుకు పోకండి.

ఉదాహరణకి ఆక్సిజన్ లేకుండా, 500 డిగ్రీల సెల్సియస్ వేడి నైట్రోజన్‌లో పెట్టిన ఒక్క కట్టె కణాన్ని తీసుకుంటున్నాను. మీరు చేయాల్సింది రియాక్టర్ మొత్తమే అయినా ముందు ఈ ఒక్క కణం లెక్క తేలాలి.

1. మోడల్‌ని ఏం అడగబోతున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

"కణం పూర్తిగా బొగ్గవడానికి ఎంత టైమ్ పడుతుంది?" అన్నది ఒక ప్రశ్న. "బొగ్గు, తారు, గ్యాస్ ఎంతెంత వస్తాయి?" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి ఒక్క చర్య ఉన్న కైనెటిక్స్ (చర్య వేగాల లెక్క) సరిపోవచ్చు. రెండోదానికి పోటీ చర్యలు (ఒకే కట్టె నుంచి ఒకేసారి నడిచే వేర్వేరు చర్యలు) ఉండి తీరాలి, ఎందుకంటే ఒక్క చర్య స్కీమ్‌లో బొగ్గు శాతం మీరు ఇచ్చిందే మీకు తిరిగి వస్తుంది. తారులో ఏ ఏ పదార్థాలు ఉంటాయన్నదైతే వేరే స్థాయి పని, ఈ గైడ్ దాని జోలికి పోదు.

2. డేటా సిద్ధం చేసుకోవడం

కోడ్ మొదలుపెట్టకముందే ఇవి చేతిలో ఉండాలి:

- ఎండు కట్టె సాంద్రత. సాధారణంగా ఘనపు మీటరుకి 400 నుంచి 700 కిలోలు. ఇది మాత్రం మీరే కొలవండి, తూకం, స్కేలు ఉంటే చాలు.
- ఉష్ణ వాహకత. కట్టెకి మీటరు-కెల్విన్‌కి 0.1 నుంచి 0.35 వాట్లు. నార పొడవునా వేడి పాకే తీరు, అడ్డంగా పాకేదానికి రమారమి 1.5 నుంచి 2.8 రెట్లు ఉంటుంది, కాబట్టి ఏ దిశ విలువ తీసుకున్నారో రాసిపెట్టుకోండి. బొగ్గుది 0.1 దరిదాపుల్లో ఉంటుంది.
- విశిష్టోష్ణం. కట్టెకి ఎక్కువగా వాడే సూత్రం 1500 + ఉష్ణోగ్రత (సెల్సియస్‌లో), కిలో-కెల్విన్‌కి జౌళ్లలో.
- తేమ శాతం. తడి బరువు మీదనా, ఎండు బరువు మీదనా అన్నది కూడా పక్కనే రాయండి.
- బూడిద శాతం, వీలైతే అందులో పొటాషియం ఎంతో. పొటాషియం ఉంటే కట్టె తక్కువ ఉష్ణోగ్రతకే విడిపోవడం మొదలుపెడుతుంది, బొగ్గు పెరుగుతుంది.
- కణం ఆకారం, సైజు. సగటు ఒక్కటే చాలదు, కనిష్ఠం, గరిష్ఠం కూడా కావాలి.
- చుట్టూ ఉన్న వాయువు ఉష్ణోగ్రత, కొలిమి గోడ ఉష్ణోగ్రత, రెండూ విడివిడిగా.

చివరిది చాలామంది కొలవరు. కొలిమి డిస్‌ప్లే మీద కనిపించే అంకె చాలాసార్లు గోడ పక్కన ఉన్న థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ది. అదే వాయువు ఉష్ణోగ్రత అనుకుని మోడల్‌లో వేస్తే ఆ తప్పు కాస్తా మెల్లగా కైనెటిక్స్ అంకెల్లోకి జారుకుంటుంది, తరవాత దాన్ని పట్టుకోవడం మహా కష్టం.

3. మూడు టైముల లెక్క

కణం లోపల ఏది ఆలస్యం చేస్తోంది? దీనికి మూడు టైములు పక్కపక్కన పెట్టి చూడాలి. పొడవు కొలతగా ఘనపరిమాణాన్ని ఉపరితలంతో భాగించి తీసుకోండి, గోళానికైతే అది వ్యాసార్ధంలో మూడో వంతు.

- లోపలికి వేడి పాకే టైమ్ = సాంద్రత × విశిష్టోష్ణం × పొడవు వర్గం ÷ ఉష్ణ వాహకత
- ఉపరితలానికి వేడి అందే టైమ్ = సాంద్రత × విశిష్టోష్ణం × పొడవు ÷ ఉష్ణ బదిలీ గుణకం
- రసాయన చర్య టైమ్ = 1 ÷ వేగ స్థిరాంకం

సాంద్రత 600, విశిష్టోష్ణం 1800, వాహకత 0.15 అనుకుందాం. 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గోళానికి రేడియేషన్ వల్ల వచ్చే భాగం, వాయు ప్రవాహం వల్ల వచ్చే భాగం కలిపితే ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరు-కెల్విన్‌కి 100 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడు లోపలికి పాకే టైమ్ 20 సెకన్లు, ఉపరితలానికి అందే టైమ్ 18 సెకన్లు. 500 డిగ్రీల దగ్గర చర్య టైమ్ (4వ మెట్టులోని మూడు చర్యల వేగాలూ కలిపి) దాదాపు 3 సెకన్లు. అంటే ఇక్కడ రసాయనం కాచుకుని కూర్చుంది, వేడే రావడం లేదు. ఈ సైజులో కైనెటిక్స్ అంకెలు ఎంత సానబెట్టినా మొత్తం టైమ్ పెద్దగా కదలదు. మీ శ్రమంతా వాహకత, ఉపరితల వేడి మీద పెట్టాలి.

అదే 1 మిల్లీమీటరు కణమైతే? ఇక్కడ గుణకం 100 దగ్గరే ఆగిపోదు. కదలని వాయువులో కూడా నస్సెల్ట్ సంఖ్య (గుణకం × వ్యాసం ÷ వాయువు వాహకత) కనీసం 2 ఉంటుంది కాబట్టి కణం చిన్నదయ్యేకొద్దీ గుణకం పెరుగుతుంది, ఈ సైజుకి దాదాపు 190 అవుతుంది. లోపలి టైమ్ 0.2 సెకను, ఉపరితల టైమ్ 1 సెకను, చర్య టైమ్ అదే 3. ఇప్పుడు ఉపరితల వేడి, రసాయనం రెండూ లెక్కలోకి వస్తాయి, కణం లోపల ఉష్ణోగ్రత తేడాని మాత్రం మొదటి అంచనాకి వదిలేయొచ్చు. ఇక 0.1 మిల్లీమీటరు పొడి అయితే రెండు వేడి టైములూ సెకనులో వందో వంతు దరిదాపుల్లోకి పడిపోతాయి, మిగిలేది రసాయనం ఒక్కటే.

బయో సంఖ్య (లోపలికి పాకే టైమ్ ÷ ఉపరితలానికి అందే టైమ్) 0.1 కన్నా తక్కువా ఎక్కువా అని చూసి ఊరుకునేవాళ్లకి ఒక మాట. పై పొడికి బయో సంఖ్య లెక్కేస్తే 0.1 కన్నా కాస్త ఎక్కువే వస్తుంది. అది చూసి కణం లోపల గ్రిడ్ వేసుకుని కూర్చుంటే వృథా ప్రయాస. బయో సంఖ్య రెండు వేడి టైములని మాత్రమే పోలుస్తుంది, రసాయనం ఊసే ఎత్తదు.

4. కైనెటిక్స్ ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది మూడు పోటీ చర్యల స్కీమ్: కట్టె ఒకేసారి గ్యాస్‌గా, తారుగా, బొగ్గుగా విడిపోతుంది, మూడిటికీ వేర్వేరు అర్హీనియస్ వేగాలు (వేగం = ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్ × e ఘాతం −యాక్టివేషన్ ఎనర్జీ ÷ (వాయు స్థిరాంకం × కెల్విన్ ఉష్ణోగ్రత)). ఈ రూపాన్ని షఫిజాదే, చిన్ 1977లో ఇచ్చారు. అంకెలకి చాన్ బృందం 1985లో ఇచ్చినవి విరివిగా వాడుతారు:

- గ్యాస్: ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్ సెకనుకి 1.3 × 10⁸, యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 140 కిలోజౌళ్లు
- తారు: 2.0 × 10⁸, 133 కిలోజౌళ్లు
- బొగ్గు: 1.08 × 10⁷, 121 కిలోజౌళ్లు

ఇవి వేయగానే వేడి సమీకరణం జోలికి పోకుండా ఒక పరీక్ష చేయండి. ఉష్ణోగ్రతని 773 కెల్విన్ దగ్గర కట్టిపడేసి రన్ చేస్తే చివరికి గ్యాస్ 14, తారు 64, బొగ్గు 22 శాతం రావాలి. 673 దగ్గర 11, 61, 28 రావాలి. బొగ్గు చర్యకి యాక్టివేషన్ ఎనర్జీ అన్నిటికన్నా తక్కువ కాబట్టి వేడి తగ్గేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. ఈ అంకెలు రాకపోతే తప్పు మీ కోడ్‌లోనే ఉంది, ఇంకెక్కడా వెతకొద్దు.

తారు వేడి బొగ్గు గుండా బయటికి వచ్చేటప్పుడు మళ్లీ విడిపోతుంది. దానికి ఎక్కువగా వాడే అంకెలు 4.28 × 10⁶, 107.5 కిలోజౌళ్లు. 500 డిగ్రీల దగ్గర ఈ చర్య టైమ్ 4 సెకన్ల పైమాటే, 700 దగ్గర 0.14 సెకను. కాబట్టి చిన్న కణం, 500 డిగ్రీలు అయితే దీన్ని వదిలేయండి. పెద్ద కణం, ఎక్కువ వేడి అయితే తప్పకుండా పెట్టండి.

మీ బయోమాస్‌కి మీరే అంకెలు తీయాలనుకుంటే టీజీఏ (నమూనాని వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్ష) చేయాలి. జాగ్రత్తలు:

- నమూనా కొద్ది మిల్లీగ్రాములకి మించకూడదు. ఎక్కువ వేస్తే మీరు కొలిచేది రసాయనం కాదు, మూసలోకి వేడి చేరే ఆలస్యం.
- కనీసం మూడు హీటింగ్ రేట్లు, వీలైతే నాలుగు. నిమిషానికి 5, 10, 20, 40 డిగ్రీలు బాగుంటాయి. ఒక్క రేటుతో వచ్చిన కర్వ్‌కి ఎన్ని జతల అంకెలైనా అతుకుతాయి.
- ఫ్రీడ్‌మన్ లేదా కేఏఎస్ (వేర్వేరు హీటింగ్ రేట్ల కర్వ్‌లని పోల్చే పద్ధతులు) పద్ధతితో ఒక్కో మార్పిడి శాతం దగ్గర యాక్టివేషన్ ఎనర్జీ తీసి చూడండి. అది మొదటి నుంచి చివరికి బాగా మారిపోతుంటే ఒక్క చర్యతో పని జరగదు.
- అప్పుడు హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్ మూడిటినీ విడివిడి చర్యలుగా పెట్టండి. మొదటిది రమారమి 220–315 డిగ్రీల మధ్య, రెండోది 315–400 మధ్య విడిపోతాయి. లిగ్నిన్ మాత్రం 160 దగ్గర మొదలై 900 దాకా నిదానంగా సాగుతూనే ఉంటుంది.

ఒక పేపర్ నుంచి ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్, ఇంకో పేపర్ నుంచి యాక్టివేషన్ ఎనర్జీ ఎప్పుడూ తీసుకోకండి. అవి రెండూ జంటగా ఫిట్ అయిన అంకెలు. 673 కెల్విన్ దగ్గర యాక్టివేషన్ ఎనర్జీ 10 కిలోజౌళ్లు మారితే వేగం ఆరు రెట్లు మారిపోతుంది.

5. వేడి సమీకరణం రాయడం

కణాన్ని ఉల్లిపాయ పొరల్లా ఊహించుకోండి. ఒక్కో పొరలో వేడి నిల్వ మారడానికి కారణాలు మూడే: పక్క పొరల నుంచి వాహకత ద్వారా వచ్చేది, బయటికి పోయే ఆవిర్లు మోసుకుపోయేది, చర్యలు మింగేది లేదా ఇచ్చేది.

వాహకతని స్థిరంగా పెట్టకండి. కట్టె బొగ్గుగా మారుతున్నకొద్దీ ఆ నిష్పత్తిలో కట్టె విలువ నుంచి బొగ్గు విలువకి జరగాలి. రంధ్రాల్లో రేడియేషన్ కూడా కలపాలి, ఇది ఉష్ణోగ్రత ఘనానికీ రంధ్రం వ్యాసానికీ అనుపాతంలో ఉంటుంది. ఎక్కువగా వాడే సూత్రం 13.5 × స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత ఘనం × రంధ్రం వ్యాసం ÷ ఎమిసివిటీ (ఉపరితలం ఎంత బాగా వేడిని వెదజల్లుతుందో చెప్పే 0–1 మధ్య అంకె). ఎమిసివిటీ 1 అనుకుని, 800 కెల్విన్ దగ్గర 100 మైక్రాన్ల రంధ్రానికి లెక్కేస్తే 0.04 వస్తుంది. బొగ్గు వాహకతే 0.1 అయినప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

ఉపరితలం దగ్గర రెండు భాగాలు రాయాలి: వాయువు నుంచి గుణకం ద్వారా వచ్చేది, గోడ నుంచి నాలుగో ఘాతంతో వచ్చే రేడియేషన్. బొగ్గు ఎమిసివిటీ 0.9 పైనే ఉంటుంది. కేంద్రం దగ్గర వేడి ప్రవాహం సున్నా.

చర్య వేడి దగ్గర అందరికీ టెన్షనే, ఎందుకంటే ప్రచురితమైన విలువలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి. ప్రాథమిక చర్యలకి కిలోకి 418 కిలోజౌళ్లు వేడి పీల్చుకుంటుందని పెట్టుకుని మొదలుపెట్టండి. దీని స్థాయి తెలియాలంటే, కిలో ఎండు కట్టెని 25 నుంచి 500 డిగ్రీలకి వేడెక్కించడానికి దాదాపు 840 కిలోజౌళ్లు కావాలి. అంటే చర్య వేడి అందులో సగం. పెద్ద కణాల కేంద్రంలో ఉష్ణోగ్రత కాసేపు నిలబడి, తరవాత ఒక్కసారిగా లేచి ఉపరితలాన్ని కూడా దాటిపోవడం ప్రయోగాల్లో కనిపిస్తుంది. అది థర్మోకపుల్ తప్పు కాదు, బొగ్గు ఏర్పడే దశలో, తారు విడిపోయే దశలో వేడి బయటికి వస్తుంది. ఒక్క 418తో ఆ లేపు ఎప్పటికీ రాదు, చర్యలకి విడివిడి వేడి విలువలు ఇవ్వాలి.

ఒత్తిడి, కణం కుంచించుకుపోవడం ఈ రెండూ మొదటి వెర్షన్‌లో వద్దు.

6. తేమ

కిలో నీరు ఆవిరవడానికి 100 డిగ్రీల దగ్గర 2257 కిలోజౌళ్లు కావాలి. కిలో ఎండు కట్టెకి 100 గ్రాముల నీరున్నా దాదాపు 226 కిలోజౌళ్లు అక్కడికే పోతాయి. తేమని వదిలేసి, కేంద్రం ఆలస్యంగా వేడెక్కుతోందని వాహకత తగ్గించుకుంటూ పోయేవాళ్లని చూశాను. ఆ మోడల్ ఎండు కణం దగ్గరికి రాగానే బోల్తా పడుతుంది.

తేలిక దారి, ఆవిరవడాన్ని కూడా అర్హీనియస్ చర్యలా రాయడం. 100 డిగ్రీల దగ్గర చదును భాగం కాస్త గుండ్రంగా వస్తుంది, పర్లేదు.

7. గ్రిడ్, సాల్వర్

ఫైనైట్ వాల్యూమ్ (కణాన్ని చిన్న గడులుగా కోసి ఒక్కో గడికి వచ్చిపోయేవి లెక్కేసే పద్ధతి) వాడండి, ద్రవ్యం, శక్తి లెక్క తప్పకుండా ఉంటుంది. వ్యాసార్ధం మీద 50 గడులతో మొదలుపెట్టి, 100 చేసి చూడండి, జవాబు ఒక శాతం కన్నా ఎక్కువ కదిలితే ఇంకా పెంచండి.

టైమ్‌లో ముందుకు పోవడానికి ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి (తరవాతి విలువని ఇప్పటి విలువల నుంచి నేరుగా తీసేది) వద్దు. 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి 50 గడులైతే అది తట్టుకునే స్టెప్ 0.036 సెకను, బొగ్గయిన చోట ఇంకా తక్కువ, పైగా చర్యలు మొదలవగానే సమీకరణాలు మొండికేస్తాయి. బీడీఎఫ్ లేదా రాడో లాంటి ఇంప్లిసిట్ సాల్వర్ (ప్రతి స్టెప్‌లో సమీకరణాలని కలిపి సాధించేది) తీసుకోండి, పైథాన్ సైపైలో రెండూ ఉన్నాయి. ఉష్ణోగ్రత వందల్లో, సాంద్రత భాగాలు సున్నాకి దగ్గరగా ఉంటాయి కాబట్టి టాలరెన్స్ (సాల్వర్ ఒప్పుకునే తప్పు) ఒక్కోదానికి విడిగా ఇవ్వండి.

8. కలిపే వరుస

ఒక్కో మెట్టు దాటాకే తరవాతిది:

1. చర్యలు ఆపేసి, రేడియేషన్ ఆపేసి, గుణకం 100 దగ్గర కట్టేసి, వాహకతని వెయ్యి రెట్లు పెంచండి. 10 మిల్లీమీటర్ల గోళం 18 సెకన్లకి తన దారిలో 63 శాతం వేడెక్కాలి.
2. వాహకత మామూలు చేసి, గోళానికి పుస్తకాల్లో దొరికే విశ్లేషణాత్మక జవాబుతో పోల్చండి.
3. వేడి ఆపేసి చర్యలు మాత్రం నడపండి, 4వ మెట్టులోని శాతాలు రావాలి.
4. రెండూ కలపండి, చర్య వేడి మాత్రం సున్నా.
5. చర్య వేడి పెట్టండి.
6. రేడియేషన్, మారే వాహకత పెట్టండి.
7. తేమ, ఆ తరవాత తారు విడిపోవడం.

ప్రతి రన్ చివర రెండు అంకెలు ప్రింట్ అయ్యేలా చూసుకోండి. మొదటిది, మిగిలిన ఘనపదార్థం, బయటికి పోయినవి కలిపితే మొదటి బరువు వస్తోందా అన్నది. రెండోది, ఉపరితలం నుంచి వచ్చిన వేడికి లెక్క సరిపోతోందా అన్నది. ద్రవ్యంలో తేడా వెయ్యిలో ఒక వంతు దాటితే ఆగి కారణం వెతకండి.

9. తరచూ జరిగే తప్పులు

*ఏ చర్యా జరగడం లేదు.* అర్హీనియస్‌లోకి సెల్సియస్ వెళ్లింది. 773 బదులు 500 పడితే 3 సెకన్ల చర్యకి రెండు రోజులకు పైగా పడుతుంది.

*కర్వ్ మొత్తం తక్కువ ఉష్ణోగ్రత వైపు జరిగింది.* ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్ నిమిషానికి ఇచ్చింది, మీరు సెకనుకి అనుకున్నారు. 600 కెల్విన్ చుట్టుపక్కల, 133 కిలోజౌళ్లకి ఈ 60 రెట్ల తప్పు దాదాపు 90 డిగ్రీల జరుగుడు తెస్తుంది. నేను దీని మీద మూడు రోజులు పోగొట్టుకున్నాను, గ్రిడ్ మార్చాను, సాల్వర్ మార్చాను, చివరికి టేబుల్ కింద చిన్న అక్షరాల్లో "నిమిషానికి" అని కనిపించింది.

*బొగ్గు శాతం అసలు కదలడం లేదు.* ఒక్క చర్య స్కీమ్ వాడుతున్నారు, 1వ మెట్టు చూడండి.

*ఉష్ణోగ్రత ఊగిసలాడుతోంది.* చాలావరకు ఆవిరి చర్య వల్ల. సాల్వర్ గరిష్ఠ స్టెప్ తగ్గించండి, తగ్గకపోతే ఆవిరి వేగానికి పరిమితి పెట్టండి.

*కేంద్రం ప్రయోగంలో కన్నా మోడల్‌లో నిదానంగా వేడెక్కుతోంది.* మోడల్‌ని ముట్టుకోకముందు థర్మోకపుల్‌ని చూడండి. లోహపు తొడుగు బయటి వేడిని లోపలికి మోసుకొస్తుంది, కణం చిన్నదయ్యేకొద్దీ ఆ తప్పు పెద్దదవుతుంది.

*చర్య వేడి గుర్తు తారుమారు.* పీల్చుకునే చర్య కణాన్ని వేడెక్కిస్తోందంటే ఇదే. 8వ మెట్టులో 4, 5 విడిగా పెట్టింది ఇందుకే.

10. ప్రయోగంతో పోల్చేటప్పుడు

ఒక సైజు, ఒక ఉష్ణోగ్రత డేటాతో అంకెలు సరిచేసుకుంటే, పోల్చడానికి ఇంకో సైజు, ఇంకో ఉష్ణోగ్రత వాడండి. బరువు కర్వ్ ఒక్కటే చాలదు, కేంద్రం ఉష్ణోగ్రత కూడా పక్కన పెట్టండి, ఎందుకంటే తప్పు వాహకత, తప్పు కైనెటిక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బరువు కర్వ్‌ని ముచ్చటగా కలిపేయగలవు. రెండో కర్వ్ దగ్గర ఆ దొంగాట బయటపడుతుంది.

తరవాత వాహకత, ఉష్ణ బదిలీ గుణకం, చర్య వేడి, యాక్టివేషన్ ఎనర్జీ, ఒక్కోదాన్నీ విడిగా పెంచి, తగ్గించి జవాబు ఎంత కదిలిందో రాసుకోండి. మొదటి మూడిటిని 20 శాతం మార్చవచ్చు. యాక్టివేషన్ ఎనర్జీని మాత్రం 5 కిలోజౌళ్లకి మించి కదపకండి, అది ఘాతంలో ఉంది. 10 మిల్లీమీటర్ల కణానికి మొదటి రెండే పెత్తనం చేయాలి. అలా కాకుండా యాక్టివేషన్ ఎనర్జీ పైకి తేలితే 3వ మెట్టుకి వెళ్లి, కోడ్‌లో పొడవు మిల్లీమీటర్లలో ఉందా మీటర్లలో ఉందా చూడండి.